తప్పు జవాబులు రాసే మా కోడలు

ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి నేను. ఆ చదువుతోనే నీళ్ల మోటార్ల మెకానిక్కునయ్యాను. నా చేతిలో పడి మళ్లీ తిరగని మోటారు లేదు. సైకిలు పందెంలో కప్పు గెలిచాను. ఇద్దరు కొడుకుల్ని ఒడ్డున పడేశాను. డెబ్బై దాటినా నోట్లో ఉన్న పళ్లన్నీ నావే. ఇవన్నీ ఒక ఎత్తు, మా చిన్నకోడలు ఒక ఎత్తు. గొప్పవాళ్ల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు. మా కోడలి గురించి నేను రాయకపోతే ఎవరు రాస్తారు?

ఆమె మొదట బడిలో పాఠాలు చెప్పేది. గొంతుకు ఆపరేషన్ జరిగాక మాట సన్నబడిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లకు చక్కగా వినిపిస్తుంది కానీ వెనక బెంచీదాకా పోదు. బడి మానేసి, కంప్యూటర్లో పాఠాలు తయారుచేసే కంపెనీలో చేరింది. అక్కడ చాలాకాలం ఇతరులు చేసిన పాఠాల్లో అక్షరాలు సరిదిద్దడం, రంగులు మార్చడమే ఆమె పని. ఎట్టకేలకు ఒక ఆసుపత్రి వార్డుల్లో పనిచేసే ఆయాల కోసం ఒక కోర్సు మొత్తం ఆమె చేతికిచ్చారు. ఇది నిలబడితే ఇకపై సొంతంగా పాఠాలు చేయవచ్చు, లేదంటే మళ్లీ అక్షరాలు దిద్దుకోవాల్సిందే. ఆ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది. తర్వాత ఎన్ని నెలలైనా ఎత్తలేదు.

ఆ పని ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల దగ్గర చేసేది. మధ్యాహ్నం ఎండ తెర సందుల్లోంచి దిగి ఆమె మోచేతి మీద వాలేది. నేను పక్కన పడక్కుర్చీలో ఉండేవాణ్ణి. తెర మీద లేతనీలం గోడల వార్డు, మంచం అంచున కూర్చున్న ఒక ముసలాయన బొమ్మ. కింద మూడు జవాబులు. ఏది నొక్కితే కథ అటు పోతుంది. సరైనది నొక్కితే ముసలాయన కుర్చీలోకి మారతాడు, తప్పు నొక్కితే పడిపోతాడు. సాఫ్ట్‌వేర్లో ఈ దారులన్నీ ఒకచోట గీసి ఉంటాయి. ఒక గది నుంచి మరో గదికి బాణాలు, అక్కణ్ణుంచి ఇంకా బాణాలు. చూస్తూ చూస్తూ నాకు కళ్లు మూతపడేవి. నిద్రలో నేనే ఆ నీలం వార్డులో నడుస్తూ ఉండేవాణ్ణి. ఏ తలుపు తీసినా వెనక మరో తలుపు. కాలు జారి పడేవాణ్ణి, దెబ్బ తగిలేది కాదు. లేచి చూస్తే మళ్లీ మంచం అంచునే కూర్చుని ఉండేవాణ్ణి, ఎవరో వచ్చి నా గురించి నిర్ణయించేదాకా.

ఆ కలలో తప్పేమీ లేదు. ఎందుకంటే ఆ ముసలాయన గొంతు నాదే. రికార్డింగుకు బయటి మనుషులెందుకని నన్నే మైకు ముందు కూర్చోబెట్టింది. "కళ్లు తిరుగుతున్నాయమ్మా" అని ఎంత బాగా చెప్పానంటే, వంటింట్లోంచి మా చిన్నాడు పరుగెత్తుకొచ్చాడు. పడేటప్పుడు మూలగడం కూడా నేనే మూలిగాను. ఒక్కో తప్పుకు ఒక్కో మూలుగు. ఏదీ ఇంకోదానిలా ఉండదు.

కోర్సు పూర్తయింది. ఆసుపత్రిలో ఆయాల చేత పరీక్షగా చేయించారు. అందరూ మొదటిసారే గట్టెక్కారు. పెద్ద నర్సమ్మ తెగ సంతోషించి, వచ్చే వారం నుంచి అన్ని వార్డుల్లో పెట్టేద్దామంది. ఇంట్లో పాయసం ఒక్కటే తక్కువ. ఆ సంబరంలో నేనూ కూర్చుని కోర్సు చేశాను. అన్నీ సరైనవే. కోడలి దగ్గరికెళ్లి, ఈపాటి దానికి ఊరి బడి చదువు చాలన్నాను.

ఆమె నవ్వింది. నవ్వుతూనే బల్ల మీద నా కళ్లజోడు చూసింది.

"కళ్లజోడు లేకుండా ఎలా చదివారు మావయ్యా?"

"చదవడమెందుకమ్మా. మూడింట్లో పొడుగ్గా ఉన్నది నొక్కుతూ పోయాను."

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కానీ లోపల మనిషి లేదు. వెంటనే కోర్సు తెరిచి చూసుకుంది. ఒక తప్పు జవాబు "లాగేస్తాను". ఇంకోటి "వదిలేసి వెళ్తాను". సరైనది మాత్రం ఒకటిన్నర వరుస. కూర్చోబెట్టి, ఊపిరి చూసి, నర్సుకు చెప్పి, నెమ్మదిగా లేపి... మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా అదే వరస. సరైన జవాబును ప్రాణం పెట్టి రాసింది, తప్పుల్ని చేతికొచ్చినట్టు పడేసింది. ఆయాలు గట్టెక్కింది పని తెలిసి కాదేమోనన్న అనుమానం ఆమెను పట్టుకుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదని నేనే అన్నాను. మెచ్చుకున్న నోటితోనే తిట్టించుకోవడమెందుకన్నాను. ఆమె విన్నది, కాదనలేదు. "రేపు నిజంగా ఒకాయన పడితే, నా పరీక్షలో నెగ్గినావిడ చేతుల్లోనే పడతాడు కదా మావయ్యా" అంది. లేచి వెళ్లి పెద్ద నర్సమ్మకు ఫోను చేసింది.

ఆవిడ మండిపడింది. తేదీ అందరికీ చెప్పేశాననీ, ఇప్పుడు వెనక్కి పోతే తన మాటకు విలువేముంటుందనీ చాలాసేపు అంది. చివరికి వారం గడువిచ్చింది. అప్పటికి బాగుపడకపోతే కోర్సూ వద్దు, మీరూ వద్దని తేల్చేసింది.

కోడలు ఆ వారం బల్ల దగ్గర కూర్చోలేదు. వార్డులో ఓ మూల స్టూలు మీద కూర్చుంది. నేను తోడు వెళ్లాను. తెల్లటి దుప్పట్ల మధ్య అందరూ మెల్లగా మాట్లాడుకునే చోట ఆమె గొంతు సరిగ్గా సరిపోయింది. ఆయాల్లో ఒకావిడను అందరూ రేడియో అంటారు. ఆవిడను పట్టుకుంది. సరైన పద్ధతి అడగలేదు, తొందరలో ఏం చేస్తారో అడిగింది. రేడియో మొదట నీతులు వల్లించింది. ఆ తర్వాత అసలు స్టేషన్ దొరికింది.

"లేపేటప్పుడు మా మెడ చుట్టూ చేతులెయ్యమంటామమ్మా. తప్పని తెలుసు. కానీ మంచం మీదాయన భయంతో వణికిపోతుంటే, చేతులు తియ్యండి అని ఎలా అనేది?"

ఇంటికొచ్చి కోడలు తప్పు జవాబులన్నీ తిరగరాసింది. ఈసారి ఒక్కో తప్పులోనూ ఒక మంచి మనిషి ఉన్నాడు. జాలిపడేవాడు, సాయానికి పరుగెత్తేవాడు, పక్కవాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనివాడు. సరైన జవాబును కత్తిరించి పొట్టిది చేసింది. కొత్త పడిపోవడాలకు నేను కొత్తగా మూలిగాను.

గడువు రోజున పెద్ద నర్సమ్మ ఆయాలందరినీ నిలబెట్టి, ముందు తానే కంప్యూటరు దగ్గర కూర్చుంది. మంచం అంచున ముసలాయన కళ్లు తిరుగుతున్నాయన్నాడు. పక్కనే నిలబడి బెల్లు నొక్కుతాను, అని ఒక జవాబు. నా మెడ పట్టుకోమని నెమ్మదిగా లేపుతాను, అని ఇంకోటి. మంచం గట్టిగా పట్టుకోమని చెప్పి, చప్పున వెళ్లి నీళ్లు తెస్తాను, అని మూడోది. ఆవిడ నీళ్లు నొక్కింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి ముసలాయన నేలమీద ఉన్నాడు. కిటికీ వెలుతురులో దుమ్ము మెల్లగా తేలుతోంది.

"నీళ్లకే కదా వెళ్లాను" అంది ఆవిడ, బొమ్మతో.

మళ్లీ ప్రయత్నించండి అన్న బటన్ ఆవిడే నొక్కింది. ఆ తర్వాత కుర్చీ ఖాళీ చేసి, కోడలితో, "సోమవారం నుంచి పెట్టేద్దాం. స్నానం చేయించడం మీద కూడా ఒకటి నువ్వే చెయ్యి" అంది.

ఆ రోజు చాలామంది ఆయాలు తప్పారు. రేడియో రెండుసార్లు తప్పింది. ఒంటరిగా వదలకూడదు సరే, కానీ వార్డు చివరి మంచాల వరసలో బెల్లు పనిచేయదు కదా, అప్పుడేం చేయాలని ఒకావిడ లేవదీసింది. కేకేయాలని ఇంకొకావిడ. కేకేస్తే పక్క మంచంవాళ్లు ఉలిక్కిపడరా అని రేడియో. ముగ్గురూ అలా వాదించుకుంటూనే బయటికి నడిచారు. మా కోడలు కాగితం, పెన్ను పట్టుకుని వాళ్ల వెనకే మెట్లు దిగింది.