జానకంపేట గేటు దగ్గర ఆగిన కరెంటు కారు

నిజామాబాద్ నుంచి కందకుర్తికి పోవాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. బస్సులో పోతే బోధన్‌లో మారి, రెంజల్ మీదుగా రెండు గంటల్లో చేరుకుంటారు. మేము సొంత కారులో బయల్దేరి, అయిదు గంటలు పట్టి చేరాం. కారు పాతది కాదు, అప్పటికి కొని రెండేళ్లు కూడా కాలేదు. అందుకే ఈ కథనంలో నదుల అందం కంటే నా కోపమే ఎక్కువ కనిపిస్తే క్షమించాలి.

ఆ కారు ఎందుకు కొన్నానో చెప్పాలి. మా అక్క రాజవ్వ పన్నెండేళ్లప్పుడు బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నలభై ఏళ్లు దించలేదు. ఆ బీడీల మీదే నేను ఎమ్మెస్సీ దాకా చదివాను. ఇప్పుడు బోధన్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాకు ఉద్యోగం వచ్చింది, అక్కకు తంబాకు దుమ్ముతో దమ్ము వచ్చింది. ఉబ్బసాన్ని మా దగ్గర దమ్ము అంటారు. డీజిల్ పొగ తగిలితే చాలు, అక్క పెదవులు నల్లబడతాయి. బస్సు, జీపు, ఆటో ఏదీ ఎక్కలేదు. పొగ రాని కరెంటు కారు అమ్ముతున్నారని పేపర్లో చూసి హైదరాబాద్ పోయి కొన్నాను. డబ్బా అంత కారు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక చిన్న పిల్లలు తప్ప ఎవరూ పట్టరు. మా ఇద్దరికీ అది చాలు.

మొదటి ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది రోగం. ఎక్కడైనా ఆపి, కాసేపటికి తాళం తిప్పితే కదలదు. బ్యాటరీ నిండుగా ఉన్నట్టు ముల్లు చూపిస్తుంది, చక్రం మాత్రం తిరగదు. గంటో రెండు గంటలో అయ్యాక, ఏమీ జరగనట్టు దానంతట అదే కదులుతుంది. కంపెనీవాళ్లను పిలిచాను. మొదట వచ్చినాయన "మీ జిల్లా కరెంటు బాగాలేదు మేడమ్" అని చార్జరు మార్చాడు. రెండోసారి టై కట్టుకున్న ఇంజినీరు వచ్చాడు. ఇంట్లో అడుగుపెడుతూనే "సార్ లేరా?" అన్నాడు. సార్ పోయి ఏడేళ్లయిందని చెప్పాను. అప్పుడు నాకు వోల్టేజీ అంటే ఏమిటో, నీళ్ల ట్యాంకు ఎత్తుతో పోల్చి, పావుగంట చెప్పాడు. ఆ పోలికను నేను ఏటా రెండు సెక్షన్లకు చెబుతాను. బ్యాటరీలు మార్చి పోయాడు. నెల తిరగకముందే మళ్లీ ఆగింది. మూడోసారి లారీలో ఎక్కించి హైదరాబాద్ తీసుకుపోయారు. ఇరవై మూడు రోజులు ఉంచుకుని, కారుకు మెదడు లాంటిదని చెప్పి ఏదో పెట్టె మార్చి పంపారు. అన్నిసార్లూ ఒకటే సమాధానం: "మా దగ్గర బాగానే నడుస్తోందండీ." వాళ్ల దగ్గర నడవడానికా నేను కొన్నది?

ఈలోపు రెండుసార్లు అక్కను రోడ్డు మీద దింపి డీజిల్ జీపు ఎక్కించాల్సి వచ్చింది. రెండుసార్లూ అది బోధన్ ఆసుపత్రిలో ఆక్సిజన్ దాకా పోయింది. రెండోసారి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంకోసారి ఈ పొగలో తిప్పితే నా చేతుల్లో ఉండదమ్మా" అన్నాడు.

ఇక ఈ ప్రయాణం సంగతి. అక్క కూతురు లావణ్యను కందకుర్తికి ఇచ్చాం. రెండో కాన్పు. అక్కకు ఒంట్లో బాగాలేదని పురుడు అత్తగారింట్లోనే పోశారు. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేయాలి. మా ఇళ్లల్లో బిడ్డను మొదట తొట్టెల్లో వేసేది అమ్మమ్మే, ఇంకొకరు వేయరు. ముహూర్తం పదకొండున్నరకు. అక్క ఆ ఇరవై రోజులూ గుడ్డముక్కలతో చిలకలు కుట్టింది, తొట్టెలకు కట్టడానికి.

డిసెంబరు నెల, చెరుకు నరికే కాలం. తొమ్మిదికి నిజామాబాద్‌లో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాం. అక్క చిలకల సంచి ఒళ్లో పెట్టుకుని, అద్దాలు పైకి ఎత్తుకుని కూర్చుంది. సారంగపూర్ దాటేదాకా రోడ్డు ఖాళీ. తర్వాత చెరుకు ట్రాక్టర్లు. ఒక్కొక్క ట్రాక్టరుకు రెండు ట్రాలీలు, రోడ్డు నిండా గడలు. దాటిపోదామంటే సందు ఉండదు. తొమ్మిదీ ముప్పై అయిదుకు జానకంపేట రైల్వే గేటు పడింది. ముందు రెండు ట్రాక్టర్లు, వెనక లారీ. బండి ఆపితే తాళం తీసే అలవాటు నాది. తీసేశాను.

రైలు పోయింది. గేటు లేచింది. తాళం తిప్పాను. ఏమీ లేదు.

మళ్లీ తిప్పాను. ముల్లు నిండుగా నిలబడింది. వెనక లారీ హారన్ మొదలుపెట్టింది. దాని వెనక ఇంకో లారీ. గేటు దగ్గర జామపండ్లు అమ్మే ఆమె అద్దంలోంచి తొంగిచూసి, "పెట్రోలు అయిపాయెనా అక్కా?" అంది.

"కరెంటు కారు."

"కరెంటుదా! మరి వైరేది?"

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. అక్క అప్పటికే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సైకిలాయన ఒకరు, ట్రాక్టరు మీది ఇద్దరు కలిసి కారును పట్టాలు దాటించి పక్కకు తోశారు. అంత తేలికైన కారు ఇంత బరువైన చిక్కు తెస్తుందని వాళ్లకేం తెలుసు. అక్కను చెరుకు తోట గట్టు మీద, గాలికి ఎదురుగా కూర్చోబెట్టి కంపెనీకి ఫోన్ చేశాను. అప్పటికి మా కాలేజీలో సెల్‌ఫోన్ ఉన్నది నలుగురికే. నేను కొన్నది కూడా ఈ కారు కోసమే.

"మీరు బండి మా దగ్గరికి తీసుకురండి మేడమ్."

"బండి కదలడం లేదనే కదా ఫోన్ చేసింది?"

"రేపు ఇంజినీరును పంపిస్తాం."

"ముహూర్తం ఇవాళ."

అవతల పాట మొదలైంది. ఆగమని చెప్పే పాట. రెండు నిమిషాలు విని పెట్టేశాను. ఆ పాట రాసినవాడు ఎవడో గానీ రోడ్డు మీద నిలబడి ఎప్పుడూ విని ఉండడు.

పదీ పదిహేనుకు బోధన్ బస్సు వచ్చింది. మేము చెయ్యి ఎత్తకపోయినా ఆగింది. కండక్టరు దిగి, "అవ్వా, ఎక్కు. కిటికీ కాడ సీటు ఇప్పిస్త" అన్నాడు. అక్క లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఇడ్సు సువర్ణా. గింత దూరం కాదా. ముక్కు మూసుకుంట."

"డాక్టరేమన్నడో నీకు ఎరుకేనా?"

"సస్తే సస్త. నా మనుమరాలిని తొట్టెల్ల ఏసి సస్త."

బస్సు వెనక పొగ అప్పుడే నల్లగా తిరుగుతోంది. అక్క మెట్టు మీద కాలు పెట్టింది, దగ్గు మొదలైంది. ఆ మెట్టు మీదే వంగిపోయింది. కండక్టరే మెల్లగా కిందికి దింపాడు. "వద్దవ్వా, నా బస్సుల గట్ల కావద్దు" అన్నాడు. బస్సు పోయింది. పీల్చే మందు రెండుసార్లు పట్టించాను. అక్క నావైపు చూడకుండా సంచి ఒళ్లోకి లాక్కుంది. నన్ను తిట్టినా బాగుండేది. అక్క అలా చెరుకు ఆకులకేసి చూస్తూ కూర్చుంటే, ఆ టై కట్టుకున్నవాణ్ణి తెచ్చి ఆ గట్టు మీద పక్కన కూర్చోబెట్టాలనిపించింది.

జామపండ్లామె అంది, "ఎడపల్లి దిక్కు పోయే తొవ్వల గంగారాం ఉంటడు. బోరు మోటర్లు చుడ్తడు. పిలిపియ్యాల్నా?" బోర్ల మోటర్లకు వైరు చుట్టే మనిషి కరెంటు కారును ఏం చేస్తాడు? హైదరాబాద్ ఇంజినీర్లకు అంతుపట్టనిది ఇతనికా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అయినా పిలిపించాను. ఎవరిదో పొలంలో బోరులోకి మోటరు దించుతున్నాడట. వచ్చేసరికి పదకొండూ నలభై. ముహూర్తం దాటి పది నిమిషాలు.

గంగారాంకు నలభై దాటి ఉంటాయి. "సార్ లేరా" అనలేదు. "ఎప్పుడు ఆగుతది మేడం, నడుసుకుంటనా, ఆపినంకనా?" అన్నాడు. మూడు మరమ్మతుల్లో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. ఆపి మళ్లీ తీసినప్పుడే అన్నాను. తాళం తిప్పమన్నాడు. వెనక చక్రం దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"టక్కు మంటలేదు. మా స్టార్టర్ డబ్బల ఉన్నట్టే గిండ్ల గూడ ఒకటుంటది, కరెంటును కలిపేది. అది అతుకుతలేదు."

నాలుగు మరలు విప్పి చిన్న పెట్టె మూత తీశాడు. లోపల రెండు రాగి బిళ్లలు. కలవాల్సిన చోట నల్లగా, అతుక్కుపోయి, చీమలు. చచ్చినవి కొన్ని, బతికినవి కొన్ని. అవి పక్కకు జరిగినప్పుడే కారు దానంతట అదే కదిలేదన్నమాట.

"చెరుకు మడ్డి," అన్నాడు వేలితో కారు అడుగు తడిమి, వాసన చూసి. "బండి ఏడ పెడ్తరు?"

కాలేజీ ముందు, చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద. చక్కెర తీశాక మిగిలే ఆ మడ్డి పాకాన్ని నింపుకున్న ట్యాంకర్లు అదే దారిలో కార్చుకుంటూ పోతాయి. నా చక్రాలు రోజూ అందులోంచే. ఆ పెట్టెలోకి వైరు పోయే కంతకు రబ్బరు పెట్టే గాడి ఉంది, రబ్బరు లేదు. చీమలకు తలుపు తీసిపెట్టినట్టే.

"మరి కంపెనీవాళ్లకు ఎందుకు కనబడలేదు?"

"ఆళ్లొచ్చే ముందు మీరు బండి కడిగిచ్చిండ్రా?"

మూడుసార్లూ కడిగించాను. వాటర్ సర్వీసింగుకు పంపి, అడుగంతా పైపుతో కొట్టించి, గాలి పెట్టించి, తళతళలాడించి అప్పగించాను. మా ఇళ్లల్లో అంతే. డాక్టరు దగ్గరికి పోవాలన్నా తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంటాం. వచ్చినవాళ్లు మమ్మల్ని మురికివాళ్లు అనుకోవద్దని రోగాన్ని నేనే కడిగి పంపాను. ప్రయోగం మొదలుపెట్టకముందే పరికరం తుడిచేస్తే మార్కులు కోసే మాస్టరును నేను.

అయితే నా తప్పు నాది, వాళ్ల తప్పు వాళ్లది. నాలుగు మరలు విప్పి చూడాల్సినవాళ్లు విప్పలేదు. ఖరీదైనవే మారుస్తూ పోయారు. గంగారాం ఉప్పు కాగితంతో బిళ్లలు గీకి, సైకిల్ ట్యూబు ముక్కతో కంత మూసి, పెట్టె చుట్టూ పసుపు పొడి గుడ్డలో మూటకట్టి బిగించాడు. "మా స్టార్టర్లకు గిదే కడ్తం. ఏల్పూర్ పసుపు. చీమ దగ్గరికి రాదు." తాళం తిప్పాను. టక్కుమంది. పన్నెండూ పది.

అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఈసారి పాట లేదు. "బయటి మనిషి మూత తెరిచాడు కాబట్టి వారంటీ చెల్లదు మేడమ్" అన్నాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. చెరుకు తోటలో కొంగలు లేచిపోయాయి.

బోధన్‌లో ఆగలేదు. రెంజల్ దాటాక చెరుకు తగ్గి వరి మడులు. రెండు కావస్తుండగా కందకుర్తి చేరాం. విస్తళ్లు అప్పటికే లేచాయి. వియ్యపురాలు ఎదురొచ్చి, "ఆపుదామన్నం వదినే, అయ్యగారు ఆగలే" అంది. వియ్యపురాలు మా మాటలో, మహారాష్ట్ర సరిహద్దు ఊరు కాబట్టి పొరుగింటి ఆడవాళ్లు మరాఠీలో, అందరూ ఒక్కసారే సంజాయిషీ చెప్పారు. పాప తొట్టెల్లో నిద్రపోతోంది.

"ఎవలేసిండ్రు?" అంది అక్క.

"మా అత్త," అంది లావణ్య నేల చూస్తూ.

"మంచిగేసిండ్రు," అని అక్క చిలకలు తీసి ఒక్కొక్కటే కట్టింది. ఏడవలేదు. ఏడ్చింది నేను, పెరట్లోకి పోయి.

రాత్రి అక్కడే ఉన్నాం. కారును ఇంటి ప్లగ్గుకు పెడితే తెల్లారేసరికి నిండింది. పోయేవాళ్లకు బస సంగతి: చుట్టాలు లేకపోతే బోధన్‌లోనే లాడ్జి చూసుకోవాలి. పొద్దున ఆరున్నరకు ఒక్కదాన్నే నది దాకా నడిచాను. గోదావరి, మంజీర కలిసే చోట నీళ్లు పలుచగా, నిమ్మళంగా ఉన్నాయి. ఎవరి మీదా కోపం లేని నీళ్లు. నాకు వాటిని చూస్తే ఇంకా ఒళ్లు మండింది. తిరిగొచ్చేసరికి పాపకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తున్నారు. అక్క వీధి గుమ్మం బయట నిలబడి, లోపలి నవ్వులు వింటోంది. ఇంకో రెండు రోజులు అక్కను ఉంచుకుందామని వాళ్లకు ఉన్నా, ఆ ఇంట్లో రోజూ రెండు పూటలా ఆ పొగ తప్పదు.

తొమ్మిదికి తిరుగు ప్రయాణం. కారు బాగా నడిచింది. ఈ దారిలో నేను చూసింది చెప్పాలంటే, దూరం ఎక్కువ కాదు, రోడ్డు మంచిదే, ఆపి అడిగితే సాయం చేయని మనిషి కనబడలేదు. కారుకు డబ్బు తీసుకున్నవాళ్లే చెయ్యి ఇచ్చారు.

రెంజల్ దగ్గర ఫోన్ మోగింది. నేను నడుపుతున్నాను కాబట్టి అక్క ఎత్తింది. ఈ కారుకు చప్పుడు ఉండదు, అవతలి మాట నాకూ వినబడింది. కంపెనీ నుంచి ఒక అమ్మాయి.

"అమ్మా, పోయినసారి చేసిన రిపేరుకు మా సర్వీసుకు అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారు?"

నేను పక్కకు ఆపాను. తాళం మాత్రం తీయలేదు.

"బిడ్డా," అంది అక్క, "ఏది ఖరాబైతే అది మారుస్తరట గద మీరు?"

"అవునమ్మా, తప్పకుండా."

"నిన్న పదకొండున్నరకు నా మనుమరాలిని తొట్టెల్ల ఎయ్యాలె నేను. మీ బండి నన్ను గేటు కాడ కూసోబెట్టింది. ఇంకొకలు ఏసిండ్రు. గా పదకొండున్నరను మార్చియ్యి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

"అది... మా దగ్గర లేదమ్మా."

"అయితే సున్న రాస్కో," అని అక్క ఫోను నా ఒళ్లో పెట్టి, పీల్చే మందు కోసం చెయ్యి చాచింది.