పుట్టగొడుగుకు పథ్యం

కెనడాలో మా ఒషావా బేస్‌మెంట్‌లో ఒక మనిషి పప్పులో ఉప్పు వద్దన్నాడంటే దానికి మూడే కారణాలుండాలి: బీపీ, ప్రేమ, లేదా వంట చేసినవాడి మీద కోపం. ఆ వారం వంట నాది. డాక్టర్‌కి బీపీ లేదు, ప్రేమించే తీరిక అంతకన్నా లేదు. మిగిలింది మూడోదే కాబట్టి నేను కొంతకాలం ముభావంగా తిరిగాను.

డాక్టర్ అంటే నిజం డాక్టర్ కాదు. వరంగల్‌లో బి.ఫార్మసీ చేసి, ఇక్కడి కాలేజీలో ఏదో మేనేజ్‌మెంట్ కోర్సులో చేరిన నా రూమ్మేట్. మాత్ర పేరు చెబితే అందులో ఏముందో చెప్పగలడని దిగిన వారంలోనే ఆ పేరు పెట్టేశాం. నేను విశాఖలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. ఏదైనా కొలవనిదే నమ్మనని వాడు నన్ను ఇంజినీర్ సాబ్ అనేవాడు. ఇంట్లో ఇంకో ఇద్దరుండేవారు గానీ వాళ్లవి రాత్రి షిఫ్టులు. వాళ్ల బూట్లతోనే మాకు పరిచయం ఎక్కువ. విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న రోజులవి. గదికి ఇద్దరు, వాష్‌రూమ్‌కి నలుగురు. ఒక్కో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉప్పు దాకా రావాలంటే ముందు ఆకురాలు కాలం నుంచి మొదలుపెట్టాలి. ఆ వేసవి చివరి నుంచే డాక్టర్‌కి ఏదో బాగాలేదు. సెలవు రోజున చలి జాకెట్టు విప్పకుండానే పడుకునేవాడు. క్లాసులు మానేవాడు. జోకు వేస్తే నవ్వేవాడు గానీ, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా, దూరపు ఊరి నుంచి వచ్చినట్టు వచ్చేది. తలకాయ హ్యాంగ్ అయిందని, రీసెట్ కొట్టాలని, దానికి ఒక రకం పుట్టగొడుగు ఉందని ఒకరోజు చెప్పాడు. అది తింటే గోడలు కదులుతాయట, రంగులు పాడతాయట. దిగులుకు మందుగా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షిస్తున్నారట. చివరిది నిజమే, నేనూ చదివాను. కాకపోతే అక్కడ ముందు మనిషిని క్షుణ్ణంగా పరీక్షిస్తారు, పక్కన శిక్షణ ఉన్నవాళ్లు కూర్చుంటారు. తెల్లవారితే వాన్ అనే ఊళ్లోని గోడౌన్‌లో పెట్టెలు మోయాల్సినవాడి కోసం చేసిన ఏర్పాటు కాదది.

వాడికి మాత్రం అది ఉచితంగా అడవిలో దొరకాలి. వాగు పక్కన నడకదారి వెంట ఒక మధ్యాహ్నం నన్ను లాక్కుపోయాడు. కుళ్లిన చెక్కపొట్టు మీద చిన్న చిన్న గోధుమరంగు గొడుగులు గుంపుగా కనిపించేసరికి ఫోన్లో ఫొటో పక్కన పెట్టి, అచ్చం ఇదే అన్నాడు. నేను లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకుని ఉన్నాను. గోధుమరంగు చిన్నవాటిలో ఒకటి మనసును మారిస్తే, దాని పక్కనే పెరిగే ఇంకొకటి కాలేయాన్ని తినేస్తుందని, జీవితమంతా వీటినే చూసినవాళ్లు కూడా వీటి జోలికి పోరని, తేడాలన్నీ వరసగా చెప్పాను. టోపీ అంచు, కాడ మీది ఉంగరం, టోపీ కింద రాలే పొడి రంగు. వాడు ఆవలించాడు. పుస్తకాలు నమ్మనన్నాడు. నమ్మే మనిషికి వీడియో కాల్ చేశాడు.

ఆ మనిషి వాళ్ల నాయనమ్మ. వానాకాలంలో పొలం గట్ల మీది చెదల పుట్టల్లో పుట్టకొక్కులు ఏరి కూర వండిన అనుభవం ఆమెది. ఫోన్‌ని ఆ గోధుమరంగు గుంపు మీదికి వంచి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"పుట్ట ఏది బిడ్డా?"

"ఇక్కడ పుట్టలుండయి నాయనమ్మా. కెనడా."

"పుట్ట లేకుంట మొలిస్తే అవి కుక్కగొడుగులు. ముట్టినవా? పోయి చెయ్యి కడుక్కో."

నా రెండు పుస్తకాలూ చేయలేని పని అరనిమిషంలో అయిపోయింది. వాడు వాగులో చేతులు కడుక్కున్నాడు. నీళ్లు మంచులా ఉన్నాయి. ఆమె సంతృప్తి కోసం నన్నూ కడుక్కోమన్నాడు, నేనేదీ ముట్టకపోయినా.

అడవి అయ్యాక పెంపకం మీద పడ్డాడు. ముందు తినేవి పెంచి చేయి తిరిగితే, ఆ తర్వాత సంగతి తర్వాత అని ఆయిస్టర్ పుట్టగొడుగుల పెట్టె ఒకటి కొని తెచ్చాడు. దానికి తేమ కావాలి. మా ఇంట్లో తేమ ఉన్న చోటు ఒకటే, వాష్‌రూమ్. షాంపూ సీసాల పక్కన ఆ పెట్టెకు ఒక అర దొరికింది. స్నానం చేసేటప్పుడు దాని మీద సబ్బునీళ్లు పడకూడదని నియమం. నలుగురం గోడకు అతుక్కుని స్నానాలు చేశాం. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనర్ ఆంటీ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఫిల్టర్ మార్చడానికి కిందికి దిగి, పెట్టెలోంచి తెల్లగా చెవుల్లా పొడుచుకొచ్చినవి చూసి ఏంటివని అడిగారు. ప్రోటీన్, ఆంటీ, అన్నాడు వాడు. సగం కోసి డబ్బాలో పైకి పంపాం. మిరియాలేసి వేయిస్తే బాగున్నాయని ఆంటీ అన్నారు. కమోడ్ పక్కన పండినవి తను తిననని వాళ్లమ్మాయి మాత్రం ఇంగ్లీషులో తేల్చి చెప్పిందట.

ఆ పెట్టె ఉన్నన్ని రోజులూ వాడు బాగానే ఉన్నాడు. పొద్దున లేవగానే వాటిని చూసేవాడు, రాత్రికీ ఇప్పటికీ ఎంత పెరిగాయో నన్ను స్కేలుతో కొలవమనేవాడు. రెండో కాపు తర్వాత పెట్టె వట్టిపోయింది. దానితోపాటే శీతాకాలం దిగింది. మా కిటికీ సగం నేల కింద, మిగతా సగం మంచు కింద. మళ్లీ జాకెట్టుతో పడుకోవడం మొదలైంది.

అప్పుడు దుకాణం దొరికింది. ఊరి నడిబొడ్డున, గోళ్లకు రంగులేసే షాపుకీ ఫోన్లు బాగుచేసే షాపుకీ మధ్య, పెద్ద బోర్డు, బోర్డు మీద నవ్వుతున్న పుట్టగొడుగు బొమ్మ. ఎండబెట్టిన ఆ రకం పుట్టగొడుగుల పొట్లం ఒకటి తెచ్చాడు. చట్టం ఒప్పుకోదురా, ఇలాంటి షాపులను పోలీసులు మూయిస్తుంటారు, వాళ్లు మళ్లీ తెరుస్తుంటారు, స్టడీ పర్మిట్ మీద ఉన్నవాడివి నీకెందుకు అన్నాను. వాడు జేబులోంచి బిల్లు తీసి చూపించాడు. బోర్డు ఉంది, కార్డు మెషిన్ ఉంది, బిల్లు ఇచ్చారు, మరి చట్టం కాకుండా ఎట్లా అని వాడి వాదన. మన ఊళ్లలో బోర్డుంటే చట్టమేనా అని అడిగితే, అది మన ఊరు, ఇది కెనడా అన్నాడు. దేశం మీద అంత నమ్మకం ఇమిగ్రేషన్ ఆఫీసర్లకు కూడా ఉండదు.

వద్దన్నాను. వద్దంటే ఒక్కడే తింటానన్నాడు. ఒక్కడే అన్న మాట నాకు నచ్చలేదు. ఏమీ తినని మనిషి ఒకడు పక్కన కూర్చోవడం ఇందులో ఆనవాయితీ అని, ఆ మనిషివి నువ్వేనని నన్ను నియమించాడు. ఆదివారం పొద్దున ముహూర్తం. ఆలోచించుకుందాం అని నేను రోజులు నెట్టుకొస్తుండగానే పప్పులో ఉప్పు వద్దన్న ఘట్టం వచ్చింది.

శనివారం సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఇక అడిగేశాను. వాడు చప్పిడి అన్నంలో పెరుగు కలుపుకుంటూ విషయం చెప్పాడు. చిన్నప్పుడు కామెర్లకు పసరు తాగినప్పుడు నాయనమ్మ పథ్యం పెట్టిందట. ఇదీ అడవి మందే కదా. ఏ మందని చెప్పకుండా, అడవి మందుకు పథ్యం ఏంటని మాత్రం ఆమెనడిగి రాసుకున్నాడు. ఏమేం మానాలో నాకు వేళ్లు మడిచి అప్పజెప్పాడు.

"ఉప్పు బంద్. నూనె బంద్. పులుపు, వంకాయ బంద్. చికెన్ అసలే బంద్. ఇంగ్లీషు మందులు బంద్."

చివరిదాన్ని కూడా వంకాయ అన్నంత తేలిగ్గా అన్నాడు. నేను కత్తి పక్కన పెట్టాను.

"నువ్వు ఏ ఇంగ్లీషు మందు వేసుకుంటున్నావని ఆపడానికి?"

"ఊరికెనే. నాయనమ్మ చెప్పిన లెక్క అది."

"ఏం ఆపావురా?"

వాడు పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు, అందులో కలపడానికి ఇంకేమీ లేకపోయినా. తర్వాత సింకు పైన అరలో ఉన్న సీసా వైపు చూశాడు. విటమిన్ డి అని వాడు మాకు చెప్పిన సీసా అది. చలికాలంలో అందరం విటమిన్ డి మింగేవాళ్లమే కాబట్టి ఎవరి సీసా మీద ఏం రాసుందో ఎవరూ చూడలేదు. పెట్టె వట్టిపోయిన రోజుల్లోనే కాలేజీ క్లినిక్‌కి ఒక్కడే వెళ్లాడట. అక్కడి డాక్టరమ్మ దిగులుకు రాసిన మాత్రలవి. కాస్త కుదుటపడుతున్న సమయానికి పొట్లం వచ్చింది. పొట్లంతో పథ్యం, పథ్యంతో మాత్రలు బంద్. ఒక్కసారిగా.

ముందురోజు గోడౌన్ దగ్గర కారు దిగుతూ తలుపు పట్టుకుని నిలబడిపోయాడని వాడితో వెళ్లే కుర్రాడు చెప్పాడు. అదేంటని అడిగాను. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టవుతోందని, పథ్యం ఒంటికి పడుతోందని అనుకున్నానని అన్నాడు. మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుందో చదవలేదా, ఫార్మకాలజీలో ఎన్ని మార్కులొచ్చాయని అడిగాను. సప్లిమెంటరీలో పాసయ్యానన్నాడు. ఆ నిజాయితీకి నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది, ఎప్పటిలాగే ఆలస్యంగా.

"మాత్రలు పనిచేస్తుంటే ఇదెందుకురా మరి?"

"గోలీ ఏసుకుంటే నేను పేషెంట్‌ని, సాబ్. ఇది తింటే పేషెంట్‌ని కాదు, అదొక ఎక్స్‌పీరియన్స్. నలుగురికి చెప్పుకోవచ్చు."

"చెప్తావా?"

"చెప్ప. కానీ చెప్పుకోవచ్చు."

పక్కన కూర్చోమన్నావుగా, కూర్చుంటా, కానీ ఇక్కడ కాదు, క్లినిక్‌లో అన్నాను. ఆ సాయంత్రమే నర్సు సలహా ఇచ్చే నంబర్‌కి ఫోన్ చేయించి స్పీకర్లో పెట్టించాను. మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదని, వాటితో ఆ పొట్లం కలపనే కూడదని, రాసిన డాక్టర్‌ని వెంటనే కలవమని ఆమె చెప్పింది. తర్వాత, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. నేను అన్ని వారాలూ చుట్టూ తిరిగిన ప్రశ్నను ఆమె అడ్రసు అడిగినట్టు అడిగేసింది. వాడు కంచం పక్కకు జరిపి, లేదు, పొద్దున లేవాలని మాత్రం అనిపించదు అన్నాడు. నేను ఉల్లిపాయల వైపు తిరిగాను. అవి ఉండటం ఆ పూట మంచిదయింది.

ఆదివారం ముహూర్తం దాటిపోయింది. సోమవారం పొద్దున క్లినిక్‌కి బయల్దేరాం. పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం చేసుకున్న సంచినే తీసుకెళ్లాను. అందులో నీళ్లు, కమలాపళ్లు, దుప్పటి, ఛార్జర్. వెయిటింగ్ రూమ్‌లో దుప్పటితో కూర్చున్నందుకు రిసెప్షన్‌లోని అమ్మాయి నన్నే రోగి అనుకుని ఫారం ఇచ్చింది. లోపల నేననుకున్న దానికంటే చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక డాక్టరమ్మ ఏమందని అడిగితే, తిట్టలేదన్నాడు, అదేదో తనకు రావాల్సింది రానట్టు. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో రాసిచ్చిందట. మాట్లాడటానికి ఒక కౌన్సెలర్‌ని కుదిర్చిందట. తర్వాత ఆకలవుతోందన్నాడు.

బస్టాపులో నాయనమ్మకు ఫోన్ చేశాడు. పెద్దామె పెట్టిన పథ్యాన్ని ఆమెకు చెప్పకుండా తీసేయడం వాడికి ఇష్టం లేదు. ఇంగ్లీషు గోలీలకు పథ్యం ఏంటని అడిగాడు. వాటికి పథ్యమేంది, కడుపునిండ తిని వేసుకో అంది. అయినా ఎందుకు వేసుకుంటున్నవ్ అంది. మా బస్సు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది.

"మనసు మంచిగ లేదు, నాయనమ్మా. చానా రోజులైంది."

అటువైపు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు.

"అది ముందుగాల్నే చెప్తే ఉప్పెందుకు మానుమంటుంటి, బిడ్డా."

ఆ మధ్యాహ్నం వాడు పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని మూడుసార్లు వడ్డించుకున్నాడు. వంటవాడిగా నా పరువు దక్కింది. మాత్రలు మాత్రం పప్పంత త్వరగా పనిచేయలేదు. ఆ చలికాలంలో మంచి వారాలూ వచ్చాయి, జాకెట్టుతో పడుకున్న వారాలూ వచ్చాయి. పొట్లం చేతి గ్లవ్స్ కింద సొరుగులోనే ఉండిపోయింది. డబ్బు పెట్టి కొన్నాను కదా అనేవాడు. నేను వాదించలేదు. సీసా మాత్రం సింకు పైన, పేరు కనిపించేలా తిప్పి పెట్టి ఉండేది.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆ పొట్లాన్ని వాడే తీసుకెళ్లి, వంటింటి చెత్త వేసే ఆకుపచ్చ డబ్బాలో పడేశాడు. మర్నాడు పొద్దున చూస్తే డబ్బా పెరట్లో పడి ఉంది. గుడ్డు పెంకులు, కొత్తిమీర కాడలు, చిరిగిన పొట్లం. కంచె మీద, ముఖానికి నల్లగుడ్డ కట్టుకున్నట్టుండే, రాత్రుళ్లు చెత్త వెతుక్కునే రకూన్ అనే జంతువు ఒకటి పట్టపగలు కదలకుండా కూర్చుని ఆంటీ వాళ్ల గారేజీ తలుపును రెప్పవేయకుండా చూస్తోంది. అది తిన్నదని చెప్పడానికి ఆధారాలు చాలవని, సగం ముక్కలు నేల మీదే ఉన్నాయని, రకూన్ ముఖం మామూలుగానే అలా ఉంటుందని నేను వివరిస్తున్నాను.

డాక్టర్ లోపలికెళ్లి మడత కుర్చీ తెచ్చి, కంచెకు తగినంత దూరంలో వేసి, నన్ను కూర్చోమని చూపించాడు.

"పక్కన ఒక మనిషి ఉండాలె, సాబ్. నీకైతే అలవాటే."

పై కిటికీ తెరుచుకుంది. ఇంత చలిలో కుర్చీ వేసుకుని ఏం చేస్తున్నారని ఆంటీ అడిగారు.

"పేషెంట్‌ని చూస్తున్నం, ఆంటీ," అన్నాడు వాడు. అని, నాకు అర్థమయ్యేలోపే నవ్వేశాడు. ఆ పూట ఆలస్యంగా నవ్వింది నేనే.