పన్నెండో తాంబాళం

మొంబాసా పాత ఊళ్లో బీ మ్వానాకొంబో ఇల్లెక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పేవారు కాదు. మసీదు పక్క సందులో నిలబడి గట్టిగా గాలి పీల్చు, ముక్కు ఎటు లాగితే ఆ మెట్లెక్కు అనేవారు. ఆవిడ ఊదీ అనే సుగంధ ధూపం చేసేది. అగరు చెక్క పేళ్లను చక్కెర పాకంలో వేసి, పన్నీరు పోసి, కస్తూరి అత్తరు కలిపి, సన్నని సెగ మీద గంటలకొద్దీ తిప్పి, ఆరబెట్టి డబ్బాల్లోకి ఎత్తేది. ఆ పేళ్లు నాలుగు నిప్పుల మీద వేసి పొగ పట్టిస్తే పెళ్లికూతురి బట్టలు నెల్లాళ్లు ఘుమఘుమలాడతాయి.

నేను అదే మేడలో రెండో అంతస్తులో ఉంటాను. నా పేరు ఫమావు, గడియారాలు బాగుచేస్తాను. ఆవిడది మూడో అంతస్తు. ముప్పై ఏళ్లుగా ఆవిడ నేలే నా పైకప్పు. అందుకే ఈ సంగతి ఊరందరికంటే ముందు నాకే తెలిసింది.

బీ అంటే మా దగ్గర పెద్దావిడలకు ఇచ్చే మర్యాద. బీ మ్వానాకొంబో పుట్టింది పతే దీవిలో. పందొమ్మిదో ఏట షెకువేను పెళ్లాడి ఇక్కడికి వచ్చింది. అతను రేవు దాటించే పడవలో ఇంజను మిస్త్రీ. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఒకరోజు షెకువే పని నుంచి వచ్చి పనిముట్ల సంచీ విప్పితే అందులోంచి ఒళ్లంతా నూనె మరకలతో గుప్పెడంత పిల్లికూన బయటికి నడిచింది.

"ఇంజను గదిలో దూరి పొద్దుటినుంచీ నామీదే పెత్తనం చేస్తున్నాడే. వీడే మా కొత్త సరంగు" అన్నాడు షెకువే. సరంగును మేం నహోదా అంటాం. ఆ పేరే వాడికి ఖాయమైంది.

షెకువే పాత పడవ చెక్కలతో ఒక పెట్టె చేసి, స్నానాలగదిలో గట్టు మీద పెట్టి, ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక జల్లించి పోశాడు. రెండో రోజునుంచే నహోదా పని ఉన్నప్పుడల్లా అందులోకి ఎగబాకేవాడు, పెద్దయ్యాక దూకేవాడు, పని కాగానే ఇసుక కప్పి, చూసుకుని, మళ్లీ కాస్త కప్పి, దర్జాగా దిగి వచ్చేవాడు. పదహారేళ్లలో ఒక్కసారి తప్పు చేసి ఎరుగడు. షెకువే పోయి తొమ్మిదేళ్లయినా ఆ పెట్టె అక్కడే ఉంది, ఆ పద్ధతీ అలాగే ఉంది. బీ మ్వానాకొంబో ఆ విషయం వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. "మీ మనవలకంటే మావాడే నయం. పక్క తడపడు" అనేది ఆడబిడ్డ షంసాతో, ఆమె మనవలను ఒళ్లో కూచోబెట్టుకునే.

ఆ పదహారో ఏడు వానాకాలం వెళ్లాక, కిసౌనీ నుంచి ఒక పెళ్లివారు ఊదీ కొనడానికి వచ్చారు. పెళ్లికూతురి తల్లి డబ్బా మూత తీసి వాసన చూసింది. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"బీ, ఇందులో ఏదైనా కొత్త సరుకు కలిపారా?"

"లేదమ్మా. ఎప్పటిదే."

"చివర్లో ఏదో... ఘాటుగా తగులుతోంది."

వాళ్లు కూర్చున్న చాపకు జానెడు దూరంలో పొగ పట్టించడానికి వేరే ఎవరో ఇచ్చిన బట్టల బుట్ట ఉంది. బీ మ్వానాకొంబో చెయ్యి పెట్టి చూసింది. తడి! ఆవిడ ముఖం కదలకుండా బుట్టను పక్కగదిలోకి జరిపి, "కింద ఫమావు చేపలు కడుగుతున్నట్టున్నాడు. ఆ వాసనే" అంది.

ఆ రోజు నేను బీన్సు వండుకున్నాను.

వారం తిరక్కుండానే, ఒక పొద్దున నేను గోడ గడియారం విప్పి చక్రాలన్నీ బల్లమీద పరిచి కూర్చుంటే మడచెట్టు దూలాల సందులోంచి ఒక బొట్టు రాలింది. సరిగ్గా పెద్ద చక్రం మీద. దాని వెనక ఇంకోటి. గుడ్డతో తుడిచి, గుడ్డ వాసన చూసి, పైకి వెళ్లాను.

"అక్కా, మీ ఇంట్లోంచి ఏదో కారుతోంది."

"వానేమో."

"మబ్బే లేదు కదా."

"అయితే మంచు."

"మొంబాసాలోనా?"

ఆవిడ నాకేసి చూసింది, నా చేతిలో గుడ్డకేసి చూసింది, గోడవారగా కూర్చుని మూతి తుడుచుకుంటున్న నహోదాకేసి చూసింది. తలుపు వేసి, గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు ఫమావూ. నీకు దణ్ణం పెడతాను. నా ఇంటికి ఈ వాసన అంటుకుందని తెలిస్తే నా ఊదీ ఎవడు కొంటాడు?" అంది.

నేను చెప్పలేదు. షంసాకు తెలియడానికి నేను చెప్పక్కర్లేదు కూడా. ఆమెకు ముక్కుంది.

"ఇది పగ వదినా" అని తేల్చేసింది షంసా. "నువ్వేదో అన్నావు, మనసులో పెట్టుకున్నాడు."

"నేనేమన్నానే?"

"ఏమో. లేకపోతే జిన్ను పట్టింది. ఏదైతేనేం, వాణ్ని చేపల బజారులో వదిలేసి రా. హాయిగా తలకాయలు తింటూ బతుకుతాడు."

"నిన్ను వదిలేసి వస్తాను ముందు."

బీ మ్వానాకొంబో తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. పాత ఇసుక పారబోసి కొత్తది తెచ్చింది. పెట్టెను ఫినాయిలుతో తోమింది. అయినా లాభం లేకపోయేసరికి, మంచి వాసనుంటే వాడే వస్తాడనుకుని ఇసుకలో పన్నీరు చల్లి, గుప్పెడు ఊదీ పొడి కలిపింది. పెళ్లికూతుళ్ల బట్టలకు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండదు. నహోదా గడప దగ్గరే ఆగి, మూడుసార్లు తుమ్మి, వెనక్కి తిరిగాడు.

తిరిగినవాడు తిన్నగా ముందుగదిలోకి వచ్చాడు. అక్కడ షంసా బయటికి వచ్చేటప్పుడు బట్టల మీద వేసుకునే నల్లటి బుయిబుయి విప్పి, శుభ్రంగా మడిచి చాప చివర పెట్టుకుని కాఫీ తాగుతోంది. కొత్తది, అంచుకు పూసలు కుట్టినది. నహోదా దానిమీద ఒకసారి చుట్టు తిరిగి, నింపాదిగా కూర్చున్నాడు. మెత్తటిది దొరికింది కదా, పడుకుంటాడనుకున్నారిద్దరూ. తీరా లేచాక చూస్తే ఏముంది!

షంసా అరుపుకు నా చేతిలోంచి స్క్రూ జారి గడియారంలో పడింది.

"వదినా! వీడా నేనా, ఇవాళ తేల్చు!"

ఆమె ఆ సాయంత్రం బీ మ్వానాకొంబో పాత బుయిబుయి వేసుకుని ఇంటికి వెళ్లింది. ఆమెకది మోకాళ్లు దిగి కొంచెమే వచ్చింది. సందు మలుపు దాకా తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

బీ మ్వానాకొంబోకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. "ముసలి సన్నాసీ! నిన్ను కొడుకులా పెంచితే నా పరువు తీస్తావా!" అని నహోదాను స్నానాలగదిలో పెట్టి గొళ్లెం పెట్టేసింది. చప్పుడు లేదు. కాసేపటికి మనసు పీకి, తలుపు సందులోంచి తొంగి చూసింది.

ఆ చూసినదాన్ని ఆవిడ నాకు తర్వాత చాలాసార్లు చెప్పింది. నహోదా పెట్టె దగ్గరికి వెళ్లాడట. ముందుకాళ్లు రెండూ అంచు మీద వేశాడట. వెనకకాలు ఎత్తబోయాడు, అది లేవలేదు. దించాడు. రెండో కాలు ఎత్తబోయాడు. అదీ లేవలేదు. అలాగే వేలాడి నిలబడి, చుట్టూ చూసి, మెల్లగా దిగి, గోడకున్న నీళ్ల తూము దగ్గరికి నడిచాడట.

"సిగ్గుపడ్డాడు ఫమావూ. నిజం. వాడు సిగ్గుపడ్డాడు. నేనేమో వాణ్ని తిడుతున్నాను" అంది, ముక్కు చీదుతూ. ఆ రాత్రి మొదటిసారి ఆ మాట అనేటప్పుడు ఆవిడ మా మెట్ల మీద కూర్చుని ఉంది. నహోదా ఆవిడ ఒళ్లో ఉన్నాడు. ఎందుకు ఏడుస్తోందో తెలియనట్టు ఆవిడ గడ్డం నాకుతున్నాడు.

మర్నాడు వాణ్ని తాటాకు బుట్టలో పెట్టి, టుక్‌టుక్‌లో పశువైద్యుడు కాజుంగు దగ్గరికి తీసుకెళ్లాం. బుట్ట నా ఒళ్లో పెట్టింది ఆవిడ. దారిలో ఏం జరిగిందో నా పంచె చెప్పాలి, నేను చెప్పను.

కాజుంగు పొట్టిగా, నెమ్మదిగా ఉండే గిర్యామా తెగ మనిషి. నహోదా నడుము దగ్గర వేళ్లతో నొక్కి చూశాడు. రక్తం తీశాడు. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా అని అడిగాడు. తాగుతున్నాడని బీ మ్వానాకొంబో చెప్పింది.

"పెట్టె అంచు ఎంత ఎత్తమ్మా?"

"కింద గట్టుతో కలిపి నా మోకాళ్ల దాకా ఉంటుంది."

"మీ ఎత్తును బట్టి లెక్కేస్తే అది మీకు ఈ కిటికీ అంత. రోజుకు ఆరుసార్లు ఈ కిటికీ ఎక్కి దూకితేనే పాయిఖానా అంటే ఏం చేస్తారు?"

"నేనెందుకు ఎక్కుతాను డాక్టరుగారూ? నాకు మోకాళ్ల నొప్పులు."

"వాడికీ అవే" అన్నాడు కాజుంగు.

తుంటి కీళ్లు పట్టేశాయి, మూత్రపిండాలు కూడా కాస్త నెమ్మదించాయి, అందుకే నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువసార్లు పోస్తున్నాడని చెప్పాడు. కీళ్లకు మందిచ్చాడు. నీళ్లు మాత్రం తగ్గించవద్దన్నాడు. నడిచి ఎక్కేంత పల్చటి పళ్లెం కావాలి, అదీ రెండు చోట్ల. సన్నటి ఇసుక, రెండు వేళ్ల మందం. పొద్దునా సాయంత్రం తీసి శుభ్రం చెయ్యాలి. ఫినాయిలు పిల్లికి విషం, దాని జోలికి పోవద్దు.

"ఇసుకలో ఏమైనా కలిపారా?"

బీ మ్వానాకొంబో కిటికీలోంచి బయటికి చూసింది. నేనే చెప్పాల్సి వచ్చింది. కాజుంగు నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు కాగితం మీద రాశాడు. తర్వాత, "మీ ఊదీ మా ఆవిడ కూడా వాడుతుందమ్మా. కానీ ఈ వయసులో వాడి ఊపిరితిత్తులకు ఆ పొగ పడదు. పొయ్యి వాడున్న చోట వద్దు" అన్నాడు.

వైద్యుడు చెప్పిన వాటిలో ఆవిడకు కష్టమనిపించింది అదొక్కటే. నలభై ఏళ్లుగా తన ఇంట్లోనే పాకం కాచింది. తిరిగొచ్చాక మెట్ల దగ్గర నేనే, "మా వెనక వరండా ఖాళీగా ఉంది కదక్కా" అన్నాను. మర్నాడు పొద్దున నేను లేచేసరికి కుంపటి, రాగి గంగాళం, పద్నాలుగు డబ్బాలు నా వరండాలో ఉన్నాయి. నా గడియారాలన్నీ ఇప్పుడు కస్తూరి వాసనే.

ఇక పళ్లెం. బజారులో ప్లాస్టిక్ తొట్లన్నీ చూసింది. ఒకదానికి అంచు ఎత్తు, ఒకటి జారుతుంది, ఒకటి వాడికి ఇరుకు. చివరికి అటక మీదనుంచి ఒక తాంబాళం దించింది. పెళ్లిళ్లలో పిలావు పోసి నలుగురు చుట్టూ కూర్చుని తినే పెద్ద తాంబాళం. ఆవిడ పుట్టింటివారిచ్చిన పన్నెండు తాంబాళాల్లో ఒకటి. ఇసుక పోసి, వాడు పడుకునే కిటికీ పక్క పెట్టి, దూరంగా కూర్చుని, అటు చూడనట్టు బియ్యం ఏరింది. నహోదా వచ్చాడు. వాసన చూశాడు. ఒక కాలు పెట్టాడు, రెండోది పెట్టాడు. వెనకకాళ్లు వాటంతటవే వచ్చేశాయి. ఇసుక గీరిన చప్పుడు నా గదిలోకి వినిపించింది, ఆ వెంటనే బీ మ్వానాకొంబో వేసిన కేక కూడా. స్నానాలగదికి పాత రొట్టెల పళ్లెం ఒకటి సరిపోయింది. ఇరవై రోజుల్లో ఇల్లు ఇల్లయింది.

ఇరవై ఒకటో రోజున షంసా వచ్చింది. కూతురి పెళ్లి. బుయిబుయి సంగతి ఇంకా మరిచిపోలేదు కానీ పన్నెండు తాంబాళాలు కావాలి. దించి, తుడిచి, లెక్కపెట్టుకుంది.

"పదకొండే ఉన్నాయి వదినా."

"అవునా?"

"పన్నెండోది ఏది?"

"అది... ఉద్యోగంలో ఉంది."

"తాంబాళానికి ఉద్యోగమేంటి వదినా?"

అదే సమయానికి పక్కగదిలో ఇసుక గీరిన చప్పుడైంది. షంసా వెళ్లి చూసింది. నహోదా తాంబాళం మధ్యలో, కళ్లు సగం మూసి, కొలువు తీర్చిన సుల్తానులా కూర్చుని ఉన్నాడు.

"అయ్యయ్యో! నా పెళ్లికి మా అన్న తిన్న తాంబాళమే ఇది!"

"మీ అన్న తెచ్చిన పిల్లే అది."

షంసా గోడకు ఆనుకుని జారి కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ తర్వాత లేచి, మిగిలిన పదకొండింటినీ తన కళ్లముందే మూడేసిసార్లు కడిగించింది. వీటిని పిల్లి ముట్టలేదని బీ మ్వానాకొంబో పన్నెండోసారి ఒట్టు పెట్టాక గానీ తీసుకెళ్లలేదు.

పెళ్లిలో పిలావు అయిపోకముందే, సాయంత్రం నమాజు వేళకు బీ మ్వానాకొంబో లేచి నిలబడింది. ఇసుక తీసే వేళ అది. మాలిందీ నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"అప్పుడే వెళ్తారేంటి బీ? ఇంకా హల్వా రాలేదు."

"ఇంట్లో ముసలాయన ఒక్కడే ఉన్నాడమ్మా. నేను వెళ్లి చూసుకోవాలి. కాళ్లు పట్టేసి కదల్లేకపోతున్నాడు."

"అయ్యో పాపం! మరి ఆయన తిండి?" అని ఆ మేనత్త వెంటనే వంటవాళ్లను కేకేసి, గిన్నె నిండా పిలావు, పైన నాలుగు పెద్ద మాంసం ముక్కలు పెట్టించి, మూట కట్టించింది. షంసా పక్కనే నిలబడి, పెదవి కొరుక్కుంటూ, "ఇంకో ముక్క వెయ్యండమ్మా. ఆయనకు మాంసమంటే ప్రాణం" అంది.

బీ మ్వానాకొంబో మెట్లెక్కుతూ నా తలుపు తట్టింది. గడప మీదే కూర్చుని మూట విప్పి, మాంసం ముక్కలన్నీ ఏరి, మసాలా పోయేలా నీళ్లతో కడిగి వేరే గిన్నెలో వేసుకుంది. మిగిలిన గిన్నె నా వైపు జరిపింది.

"ఇది నీకు" అని, ముక్కల గిన్నె పట్టుకుని పైకి వెళ్లిపోయింది. పిలావు చాలా బాగుంది.