జొన్నపిండితో మంచుకొండ

జాఫర్ తెల్ల డిస్టెంపర్ డబ్బాలో రెండు చుక్కలు బట్టల నీలి వేసి పుల్లతో తిప్పుతున్నాడు. ఎదురుగా గోడకు బిగించిన పన్నెండడుగుల గుడ్డ మీద కశ్మీర్ సగం అయింది. అది 1986 ఎండాకాలం, ఊరు జడ్చర్ల. తెలుపులో నీలి ఎందుకని ఎవరైనా అడిగితే "సున్నంల ఎందుకేస్తరు?" అనేవాడు. తన పని గురించి అంతకు మించి మాట్లాడడు. మాటలకు ఆ ఫోటో స్టూడియోలో వేరే మనిషి ఉన్నాడు, యజమాని అమరేందర్.

ఆ పరదా ముందు పన్నెండేళ్ళపాటు చుట్టుపక్కల జనమంతా వచ్చి నిలబడ్డారు. చంకల కింద చెమట మరకలతో హిమాలయాలు ఎక్కినవాళ్ళు ఎందరో. వాళ్ళను అద్దం వెనక బిగించింది నేనే. స్టూడియో పక్క గదిలో ఫ్రేములు కట్టే పని నాది. జాఫర్ ఎన్నడూ మంచును చూడలేదు. సోడా బండి మీద బరఫ్ గడ్డ చూశాడు, అంతే.

1998లో అమరేందర్ కంప్యూటరూ స్కానరూ తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, వాటి గదికి ఏసీ పెట్టించాడు. కశ్మీర్ పరదా ఉన్న స్టూడియోలో మొదటిసారి చలి పుట్టింది, అదీ కంప్యూటర్ కోసం. దాన్ని నడపడానికి హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు చేసిన కరీం వచ్చాడు. నెలాఖరుకు పరదా టెంట్‌హౌస్‌కు, జాఫర్ ఇంటికి అని అమరేందర్ తేల్చేశాడు.

అప్పుడే రఘుపతి, నిర్మలమ్మ వచ్చారు. రఘుపతి కరెంటాఫీసులో పనిచేస్తాడు. కశ్మీర్ చూపిస్తానని పెళ్ళినాడు భార్యకు మాటిచ్చాడు. ఇరవై ఏళ్ళకు మాట నిలబెట్టుకుని, మక్తల్ నుంచి జడ్చర్ల దాకా తీసుకొచ్చాడు. కరీం వాళ్ళ ఫోటో వెనక కొండలు పెట్టి చూపించాడు. మూడు ముక్కోణాలు, వాటి నిండా తెలుపు.

"గిదేంది నాయినా, పత్తి కుప్పల ముంగట నిలవెట్టినవ్?" అంది నిర్మలమ్మ.

"మంచు గిట్లనే ఉంటదమ్మా" అన్నాడు కరీం.

"మా తమ్ముడు మిలట్రీల అయిదేండ్లు మంచులనే ఉన్నడు. ఫోటోలు పంపిండు. నాకు చెప్తున్నవా?"

"తెల్లగనే ఉన్నది గదనే, జర సర్దుకో" అన్నాడు రఘుపతి.

"ఇరవై ఏండ్ల సంది సర్దుకుంటనే ఉన్న."

వాళ్ళు వెళ్ళాక అమరేందర్ ఉపన్యాసం కుదించుకుని అసలు మాటకు వచ్చాడు. "జాఫర్ భాయ్, ఆమె మెచ్చేటట్టు కొండ చేస్తే నీకు గీ ఏసీ గదిల జాగా. లేకుంటే ముందు చెప్పిందే."

జాఫర్ మౌసును కుంచె పట్టినట్టు పట్టుకుంటే కరీం నవ్వాడు. రెండు రోజులకు నవ్వడం మానేశాడు. కానీ కంప్యూటర్ తెర మీద తయారైంది మళ్ళీ ఆ పాత పరదాయే. జాఫర్‌కే నచ్చలేదు. "మనుషులు ఫోటో, కొండ బొమ్మ. రెండూ కలువయి. కొండ గూడ ఫోటోనే కావాలె" అన్నాడు.

"కశ్మీర్ పోతవా?" అన్నాడు కరీం.

"ఇంటికి పోత."

మర్నాడు పొద్దున్నే అతని ఇంటి వాకిట్లో కంకర మిషన్ దగ్గర ఏరుకొచ్చిన నల్లరాళ్ళు మూడు వరసలుగా నిలబడి ఉన్నాయి. జాఫర్ జల్లెడ పట్టుకుని వాటి మీద జొన్నపిండి జల్లిస్తున్నాడు. భార్య రబియా గడపలో నిలబడి చూసింది.

"అజీ, పొయ్యి మీద రాళ్ళు పెట్టాల్నా మరి?"

"గీ కొండ నిలవడితెనే రేపు రొట్టె" అన్నాడు.

పిండి చదునుగా ఉన్నచోట ఆగింది, పగుళ్ళలో నిండింది. నిటారు బండ మాత్రం నల్లగానే మిగిలింది. మంచు పైనుంచి పడుతుందన్న సంగతి మూడు నెలల కోర్సులో చెప్పినట్టు లేదు. జాఫర్ ఒక పక్కనుంచి విసనకర్రతో మెల్లగా విసిరాడు. పిండి రాళ్ళ వెనక్కు జారి వాలులా పేరుకుంది. ఫోటోలో నిర్మలమ్మ ముఖం మీద వెలుతురు ఎడమ పక్కనుంచి పడింది. అందుకని ఎండ ఎడమనుంచి ఏటవాలుగా వచ్చేదాకా ఆగి, నేల మీద బోర్లా పడుకుని స్టూడియో కెమెరాతో ఆరు ఫోటోలు తీశాడు.

వాటిని కడిగి స్కానర్‌లో పెట్టాక మిగిలిన పని కంప్యూటర్‌లో. పిండిలోని పసుపు తీసేశాడు. నీడల్లో నీలం కలిపాడు, పాత నీలిబుడ్డి లెక్కే. అవే రాళ్ళను చిన్నగా చేసి, పల్చగా చేసి వెనక వరసలు పెట్టాడు. దూరపు గుట్టలు ఎట్లా నీలంగా పల్చబడతాయో మహబూబ్‌నగర్ బస్సు ఎక్కిన ఎవరికైనా తెలుసు. కొండ పాదాల దగ్గర పొగమంచు లాంటిది కొంచెం పెట్టి, మనుషుల అంచులు మెత్తబరిచాడు. కరీం పక్కన కూర్చుని అన్నీ కాగితం మీద రాసుకున్నాడు.

ప్రింటు హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చింది. ఫ్రేము కట్టబోతూ దాన్ని దగ్గరగా చూశాను. కొండ వాలు మీద మూడు నల్ల చుక్కలున్నాయి. చీమలు. జొన్నపిండి వాసనకు వచ్చినవి. జాఫర్‌ను పిలిచి చూపించాను. "కంప్యూటర్ల పదిహేను తుడిచిన. గీ మూడు తప్పించుకున్నయి" అన్నాడు. మళ్ళీ ప్రింటు తెప్పించే వ్యవధి లేదు, దంపతులు అప్పటికే గుమ్మంలో ఉన్నారు.

నేను బిగించి ఇచ్చిన ఫ్రేమును నిర్మలమ్మ వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. అమరేందర్ గొంతు సవరించుకున్నాడు. ఆమె వేలు వాలు మీదికి పోయింది.

"గీళ్ళు మిలట్రోళ్ళా?"

"దూరం గదమ్మా, ముఖాలు తెల్వయి" అన్నాడు జాఫర్.

"మా తమ్ముడు గూడ గట్లనే, వరసగ ఎక్కుతుంటిమి అని రాసేటోడు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "చూసినవా? కొండంటే గిట్లుంటది."

అమరేందర్ ఏసీ గదిలోకి రెండో కుర్చీ తానే మోశాడు. జాఫర్ అటు చూడలేదు. నా బల్ల మీద పాత పేపరు పరచి ఫ్రేమును చుట్టాడు, మూలలకు అట్టముక్కలు పెట్టాడు, సుతిలి తాడుతో రెండు వరసలు కట్టి నిర్మలమ్మ చేతికిచ్చాడు.