మద్దతు ముగిసే తేదీ

కొత్తది ఉండగా ఆ పాతదాన్ని పట్టుకుని ఎందుకు వేలాడతావని నన్ను అడగనివాళ్లు లేరు. అనకాపల్లిలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. మిగిలిన పొద్దంతా ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కి చాకిరీ చేస్తాను. తెర మీది తెలుగును పైకి చదివి, చూపులేనివాళ్లకు వినిపిస్తుందది. చేసేవాళ్లమంతా స్వచ్ఛందులమే, జీతం లేదు, బత్తెం లేదు.

ఏటా కొత్త విడుదల వస్తుంది. వాటిలో ఒకదాన్ని మాత్రం కొత్త హంగులేవీ చేర్చకుండా, తప్పులు దిద్దుతూ ఏళ్ల తరబడి నిలబెడతాం. దాన్ని ఎల్‌టీఎస్ అంటాం. పాత కంప్యూటర్లున్న వాళ్లకు అదే దిక్కు. దాన్ని చూసుకునేది నేను.

అలాంటివాళ్లలో చీడికాడ దగ్గర బడిలో సోషల్ చెప్పే మాస్టారొకరు. పుట్టుకతోనే చూపు లేదు. ఆ బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద మా కొత్త విడుదల అసలు తెరుచుకోదు. పదో తరగతి పిల్లల పరీక్ష దరఖాస్తులు ఆయనే నింపుతారు. చూపులేనాయనకి అంత పనా అని హెడ్మాస్టారు గొణిగినా, పట్టుబట్టి తీసుకున్నారు.

ఇక నా నిర్వాకం వినండి. పాత విడుదల అంకెల్ని ఒక్కొక్కటిగా విడదీసి చదివేది. కొత్తది లక్షలు, వేలు అని కలిపి చక్కగా చదువుతుంది. నాకు ముచ్చటేసింది. ఎల్‌టీఎస్‌లో హంగులు కూడదని పదిమందికీ చెప్పే నేనే, ఇదొక్కటేలే అని దాన్ని తెచ్చి పాతదానిలో పెట్టాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఆధార్ నంబరంతా వేల కోట్లయి వినబడితే ఏ అంకె ఎక్కడుందో చెవికి ఎలా అందుతుంది? ఇద్దరు పిల్లల దరఖాస్తుల్లో నంబర్లు తప్పు పడ్డాయి. హెడ్మాస్టారు ఆ పని లాక్కుని ఇంకొకరికి ఇచ్చేశారు.

మాస్టారు నాకు ఫోన్ చేశారు. తిట్టినా బాగుండేది.

"బాగు సెయ్యమని నేనడగలేదక్కా. సెడకుండా సూత్తావని నమ్మేను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూటే ఆ మార్పు పీకేశాను. మర్నాడు చీడికాడ బస్సెక్కి, బడికెళ్లి, తప్పు నాదే తప్ప మాస్టారిది కాదని హెడ్మాస్టారి ముందు ఒప్పుకున్నాను. ఆయన కక్కలేక మింగలేక, ఈ ఏటికి చూద్దాం అంటూ పని తిరిగి ఇచ్చారు.

నెల తిరక్కుండా మా వాళ్ల మీటింగ్ వచ్చింది, ఆన్‌లైన్లో. ఎల్‌టీఎస్‌ని ఈ ఏడాదితో ఆపేద్దామన్నారు. కొత్తదానికే మనుషులు లేరన్నారు. అది అబద్ధం కాదు, నాతో పాటు పాతదాన్ని మోసిన ఇద్దరూ ఉద్యోగాలు మారి తప్పుకున్నారు. కానీ ఒకాయన, ఆ పాత కంప్యూటర్లవాళ్లను కొత్తవి కొనుక్కోమనండి అని తేల్చేశాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? నాకు ఒళ్లు మండింది. మీటింగుల్లో పొందికగా ఇంగ్లీషు మాట్లాడే నా నోట్లోంచి మా ఊరి మాట ఊడిపడింది.

"మనుసులు లేరంతన్నారు. నేను మనిసిని కానా ఏటి?"

 సరే, ఎప్పటిదాకా మోస్తారో తేదీ వెయ్యండి అన్నారు. న్యాయమే. విడుదల పేజీలో 'మద్దతు ముగిసే తేదీ' అని ఒక గడి ఉంటుంది. అది చూసుకునే జనం మమ్మల్ని నమ్ముతారు.

మైకు ఆపి మాస్టారికి ఫోన్ చేశాను. ఎప్పుడు రిటైరవుతారని అడిగాను. ఎందుకక్కా అంటూనే చెప్పారు. చాలా ఏళ్లుంది. అప్పటికి నేనే రిటైరై ఇంట్లో కూర్చుంటాను. ఆ తేదీనే గడిలో కొట్టి, పక్కన నా పేరు పెట్టాను.

ఇదెక్కడి తేదీ అని అందరూ ఒక్కసారే అడిగారు. ఒక మాస్టారు రిటైరయ్యే రోజు అని చెప్పాను. అప్పటిదాకా ఆ కంప్యూటర్ ఉంటుందా అన్నాడు ఇందాకటాయన. దాని సంగతి నాకు తెలీదు, నేను మాత్రం ఉంటాను అన్నాను.