శనివారం మాత్ర

మా అన్న గుంతకల్లులో రైల్వే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ల కిందట ఒక పొద్దున పళ్లు తోముకుంటూ, వీపు చీలిపోతోందని కూలబడ్డాడు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగింది. బెంగళూరులో రొమ్ము కోసి, నాళం పైభాగం తీసేసి గుడ్డగొట్టం కుట్టారు. దాని కొననున్న స్టెంటును కిందికి దిగే నాళంలోకి దించారు. అంతకు దిగువన చిరుగు మిగిలే ఉంటుందనీ, రక్తపోటు పెరిగితే అక్కడ నాళం ఉబ్బుతుందనీ డాక్టరు చెప్పాడు. బతికినంత కాలం రోజూ మాత్రలు, ఏటా స్కాను.

శస్త్రవైద్యం బతికించిందని హేతువాద సంఘంలో తిరిగే నేనంటాను. కసాపురం ఆంజనేయుడు బతికించాడని అన్న అంటాడు. బతికితే శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని ఆపరేషనుకు ముందు మొక్కుకున్నాడు. శనివారం సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చిగంగ ముట్టడు.

మొదట్లో స్కాన్లు బాగానే వచ్చాయి. పోయినేడు మేం ముగ్గురం బెంగళూరు వెళ్తే, దిగువ నాళం ఉబ్బినట్టు తేలింది. మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగాడు.

"ఒక్క దినమూ ఇడిసిపెట్టలే సార్."

"శనివారం పొద్దుటి మాత్ర మింగడు సార్," అంది వదిన.

"ఒక్కపొద్దు నాడు ఎట్ల మింగుతారు? అది ఇడిసిపెట్టినట్లు కాదు."

అన్న అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో ఆ రోజు మందులకు చెందదు, అంతే. ఇంకా ఉబ్బితే తొడ దగ్గర నుంచి మరో స్టెంటు పంపాలనీ, అదీ ప్రమాదంతో కూడినదేననీ డాక్టరు హెచ్చరించాడు.

రైల్లో తిరిగొస్తూ నేను వాదన మొదలుపెట్టాను. భయంలో పుట్టిన మొక్కుకు ప్రాణం తాకట్టు పెట్టడం భక్తి కాదు, మూఢత్వమన్నాను.

"నీ సభల్లో చెప్పుకోపో అప్పా," అని అన్న కిటికీ వైపు తిరిగాడు.

దేవుణ్ణి తిడితే మనిషి మరింత బిగుసుకుంటాడు. ఎదుటివాడి మాటనే పట్టుకుని వాదించాలని మా సంఘం పెద్దలు నేర్పారు. పెనుకొండ దాటాక మళ్లీ అడిగాను.

"అన్నా, నువ్వు మొక్కుకున్నది ఏమని?"

"బతికితే ఒక్కపొద్దు ఉంటానని."

"మాత్ర మానేసి నువ్వు పోతే ఆ ఒక్కపొద్దు ఎవరుంటారు? మొక్కు తప్పినవాడివి నువ్వే అవుతావు కదా?"

అన్న వదిన వైపు తిరిగి అన్నాడు: "దేవుడు లేడంటాడు. మొక్కుల కానూన్లు మాత్రం పూజారి కన్నా వీడికే బాగా తెలుసు."

ఆ శనివారం వాళ్లింటికి వెళ్లాను. స్నానం చేసి వచ్చి, మాత్ర నాలుక మీద పెట్టుకుని, ఒకే గుక్క నీళ్లతో మింగాడు. రెండో గుక్క తాగలేదు.

ఈ ఏడు స్కానులో ఉబ్బు తగ్గలేదు, పెరగనూ లేదు.

"చూసినావా, సామి ఆపినాడు," అన్నాడు అన్న.

"మాత్ర ఆపింది," అన్నాను.

"ఇద్దరూ కొట్లాడుకోండి. రేపు శనివారం, మాత్ర ఈడ పెడుతున్నా," అంది వదిన, చెంబు పక్కన మాత్ర పెడుతూ.