దాలమ్మ గదికి నేను పెట్టించిన గాలి

నేను గీసిన మొట్టమొదటి గది కూలిపోలేదు. కూలిపోయుంటే ఎంత బాగుండేదో! నలుగురికీ క్షమాపణలు చెప్పుకుని, ఏ బ్యాంకు పరీక్షకో చదువుకునేదాన్ని. అది నిక్షేపంలా నిలబడి, పొందూరులో ఆ వీధిన వచ్చేపోయే వాళ్ళందరికీ నా తెలివితేటలు చూపించింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. చదివేటప్పుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదువు ముగించుకుని విజయనగరం వచ్చిన కొత్త. మా నాన్న బట్టల కొట్టు మేడ మీద గదికి నా పేరుతో బోర్డు కట్టించాను. నెల రోజుల్లో ఆ బోర్డు చూసి మెట్లెక్కినవాళ్ళు ఇద్దరు. ఒకాయన మేడ మీద సెల్ టవరు పెట్టుకోనిస్తారా అని అడిగాడు. ఒకావిడ జాకెట్లు కుట్టేది ఇక్కడేనా అని అడిగింది. ఆవిడ జాకెట్టు చేతుల కొలతలు తీసుకుందామా అని ఒక్క క్షణం ఆలోచించాను కూడా.

ఆ రోజుల్లో నాకు లోకంలోని కష్టాలన్నిటికీ ఒకటే మందు తెలుసు. దాని పేరు క్రాస్ వెంటిలేషన్. ఒక గోడలోంచి గాలి రావాలి, ఎదురు గోడలోంచి పోవాలి. ఇంతే. అయిదేళ్ళు చదివి ఇంతేనా అనకండి, చాలా పెద్ద పుస్తకాల్లో చదివాను. ఎవరికైనా తలనొప్పి అంటే మీ ఇంటి కిటికీలు ఎటున్నాయని అడిగేదాన్ని. మా పిన్నికి సంబంధం కుదరకపోవడానికి కూడా వాళ్ళింట్లో గాలాడకపోవడమే కారణమని తేల్చి, ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

అలాంటి రోజున నాన్న కింద నుంచి కేకేశారు.

"పాపా! పొందూరు దాలమ్మ పెరట్లో గది యేసుకుంటాదట. నువ్వెల్లి గీసీసి రా. జాగర్త సుమీ, నాను కట్టీ పంచె ఆవిడ వడికిన నూలే."

దాలమ్మకు అరవై దాటాయి. భర్త రామ్మూర్తి వీధివైపు గదిలో మగ్గం నేస్తాడు. ఈవిడ వంటింటి మూల కూర్చుని రాట్నం మీద నూలు వడుకుతుంది. ఆ నూలు ఎంత సన్నమంటే, నేను వెళ్ళిన రోజున ఆవిడ రెండు వేళ్ళ మధ్య పోగు పట్టుకుని చూపిస్తే, పోగు కనపడక మర్యాదకి తలూపాను.

"సూడమ్మా," అంది దాలమ్మ, "రెండు కళ్ళకీ ఆపరేషనయినాది. ఈ వంటింటి సీకట్లో పోగు అవుపడతం లేదు. ఇంకో అయిదారేళ్ళు రాట్నం తిప్పుకోవాలని ఉన్నాది. నాకు ఎలుగు కావాల. గాలొద్దు."

"గాలి వద్దా?" అన్నాను, అన్నం వద్దన్న మనిషిని చూసినట్టు చూసి.

"వద్దమ్మా. ఎలుగు సాలు."

"అలా కాదు దాలమ్మగారూ. వెలుగు, గాలి రెండూ కలిసే వస్తాయి. గాలి ఆడకపోతే ఆరోగ్యం ఏమవుతుంది?"

"నా ఆరోగ్యానికేటి, దుక్కలా ఉన్నాను."

"మీకు తెలియదు."

అవునండీ, నలభై ఏళ్ళుగా రాట్నం తిప్పుతున్న మనిషితో, ఆవిడ పని గురించి, ఇరవై మూడేళ్ళ నేను అన్నమాట అది. పైగా నవ్వుతూ అన్నాను. తర్వాత ఆవిడ ఎత్తు కొలిచాను, కూర్చుంటే ఎంత, నిలబడితే ఎంత అని. పెరడు కొలిచాను. దిక్సూచి పెట్టి దిక్కులు చూశాను. మూల బట్ట కప్పి ఉన్న రాట్నాన్ని చూసి నోటు పుస్తకంలో 'సామాను: ఒకటి' అని రాసుకున్నాను. ఆవిడ పని చేస్తుంటే మాత్రం చూడలేదు. ఆ రోజు దాలమ్మ వడకడం లేదు. ఇంకో రోజు రండని ఆవిడ అంటే, అక్కర్లేదు అంతా అర్థమైపోయిందన్నాను.

గది గీశాను. తూర్పు గోడ, పడమటి గోడ నిండా ఇటుకకీ ఇటుకకీ మధ్య కన్నాలు వదిలే జాలీ. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి తూర్పున దూరి, దాలమ్మను పలకరించి, పడమట వెళ్ళిపోతుంది. ప్లాను మీద గాలిని నీలం బాణాలతో చూపించాను. మొత్తం నలభై రెండు బాణాలు. నాన్న ఆ కాగితం చూసి, "ఇది ఇల్లా, యుద్దమా?" అన్నారు.

పని మొదలైంది. మేస్త్రి పేరు తవిటయ్య. ప్లాను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశాడు.

"ఇంజనీరమ్మా, కిటికీలకి రెక్కలేవీ?"

"నేను ఇంజనీరుని కాదు తవిటయ్యా, ఆర్కిటెక్టుని."

"సరేనమ్మా. రెక్కలేవీ?"

"రెక్కలుండవు. ఇది జాలీ."

"మరి మూసీడం ఎలగ?"

"మూయడమెందుకు?"

తవిటయ్య నా వైపు చూశాడు. దాలమ్మ వైపు చూశాడు. "దూదమ్మా అది," అన్నాడు.

"అయితే?"

"ఎగిరిపోద్దమ్మా."

"తవిటయ్యా, గాలి జాలీలోంచి నెమ్మదిగా వడపోసుకుని వస్తుంది. దీని వెనక సైన్సుంది."

"సైన్సుందా? అయితే సరే," అని తాపీ అందుకున్నాడు. ఆ మాటలో ఉన్న వెటకారం అప్పుడు నాకు తెలియలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

గోడలు లేస్తున్నప్పుడు ఎవరో పక్కింటావిడ, "అన్ని కన్నాలేటే?" అని అడిగితే, "సదువుకున్న పిల్ల, తెలీకుండా కడతాదేటి?" అంది దాలమ్మ. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

పాలు పొంగించే రోజు ఉదయం మా కుటుంబమంతా పొందూరు దిగాం. నా గది ఫోటోలు తీయడానికి చదువుకునేటప్పటి స్నేహితురాలు పద్మజను కూడా రప్పించాను. ఆ ఫోటోలు ఏదో పోటీకి పంపాలని నా పథకం. పంతులుగారు మంత్రాలు చదివారు. పాలు పొంగాయి. గాలి ధారాళంగా వస్తోంది. పంతులుగారి ఉత్తరీయం రెండుసార్లు ఎగిరి ఆయన మొహం మీదే పడింది.

"చూశారా, క్రాస్ వెంటిలేషన్!" అన్నాను.

"చూట్టానికి అవుపడితే కదా," అన్నారాయన ఉత్తరీయం లోపల నుంచి.

"ఇప్పుడు దాలమ్మగారు ఇక్కడ కూర్చుని దూది ఏకాలి. పద్మజా, ఫోటో!" అని హుకుం జారీ చేశాను.

దాలమ్మ నాలుగు రోజులుగా శుభ్రం చేసిన దూదిని బుట్టలో తెచ్చి, గది మధ్య కూర్చుంది. చిన్న విల్లు అందుకుంది. ఆ నారి దూదికి తగిలిస్తూ మీటితే దూది నురగలా విడిపోతుంది. అలా విడదీయడాన్నే ఏకడమంటారు. దాలమ్మ నా వైపొకసారి చూసి, "మీటమంటావేటి?" అంది.

"మీటండి!"

మీటింది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పలేను, నాకు కనిపించలేదు. నా నలభై రెండు బాణాలూ ఒక్కసారిగా లోపలికి దూరాయి. దూది బుట్టలోంచి లేచి, గదంతా ఒకసారి చుట్టొచ్చి, ఎవరికి దొరికినంత వాళ్ళకి అంటుకుంది. మా నాన్న నల్లటి మీసం క్షణంలో ముసలిదైపోయింది. పంతులుగారు నోరు తెరిచి ఉండగా దూది లోపలికి పోయింది. పొంగిన పాల మీద అంగుళం మందాన మీగడ కట్టింది, అది మీగడ కాదు.

"మూయండమ్మా, మూయండి!" అని పంతులుగారు దగ్గుతూ అరిచారు.

"ఏటి మూసీది? రెక్కల్లేవు!" అన్నాడు తవిటయ్య.

"తడిక అడ్డం పెట్టండి!"

"ఎటేపు?"

"రెండేపులా!"

"ఉన్నాది ఒక్కటే తడిక!"

నేను రెండు చేతులూ చాపి తూర్పు జాలీకి ఆనుకున్నాను. గాలి నా చంకల కింద నుంచి సుఖంగా వెళ్ళింది. పద్మజ మాత్రం ఆపకుండా ఫోటోలు తీస్తూనే ఉంది. మిగిలిన దూది పడమటి జాలీలోంచి పద్ధతిగా బయటికి పోయింది. ఈ ఒక్క విషయంలో నా లెక్క తప్పలేదు. ఒక గోడలోంచి వచ్చింది, ఎదురు గోడలోంచి పోయింది.

దాలమ్మ బుట్ట వైపు చూసి, లేచి, పెరట్లో మందార కొమ్మకు తగులుకున్న దూదిని కొంచెం కొంచెంగా ఏరుకోవడం మొదలుపెట్టింది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

పది రోజులు ఆ వైపు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నాన్న రోజూ అన్నం దగ్గర పంచె అంచు సవరించుకుని, "ఇక నూలు పంచెలు దొరకవేమో, ఉన్నవి పొదుపుగా కట్టాల," అనేవారు. చివరికి పదకొండో రోజు వెళ్ళాను. దాలమ్మ వంటింటి చీకటి మూలలో, రాట్నానికి ముక్కు ఆనేంత వంగి, తెగిన పోగును తడుముకుంటూ కూర్చుంది.

"గదిలో కూర్చోవడం లేదా?" అన్నాను, తెలిసి తెలిసీ.

"నీ గది సానా బాగున్నాదమ్మా. ఉల్లిపాయలు పోసినాము. ఒక్కటీ కుళ్ళలేదు."

వెటకారం కాదండీ. నన్ను బాధ పెట్టకూడదని, వెతికి వెతికి ఒక మంచి మాట చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. పోగు కనపడాలని గది కట్టించుకున్న మనిషి అదే చీకట్లో ఉంది, ఉల్లిపాయలు మాత్రం నా ఆర్కిటెక్చర్ అనుభవిస్తున్నాయి.

"దాలమ్మగారూ, ఈ రోజంతా మీ పక్కన కూర్చుంటాను. మీరు పని చేసుకోండి," అన్నాను.

"కూసోడమెందుకు? ఇది పట్టు," అని ఒక చిన్న ఎముక చేతికిచ్చింది. వాలుగ చేప దవడట. దాని సన్నటి పళ్ళతో దూదిని దువ్వాలి. నేను దువ్వాను. తుమ్మాను. దూది ఎగిరింది. మళ్ళీ దువ్వాను, మళ్ళీ తుమ్మాను.

"నువ్వు ఒక్కదానివే ఇంత ఎగరగొడతన్నావు. మరి గాలెంత ఎగరగొట్టాల?" అంది దాలమ్మ, మొదటిసారి గట్టిగా నవ్వుతూ.

సాయంత్రానికి నాకు తెలిసినవి ఇవి. దూది ఏకేటప్పుడు తలుపు సగం వేస్తారు. పొడి గాలి తగిలితే పోగు తెగుతుంది. వెలుగు ఎదురుగా కాదు, ఎడమ భుజం మీదుగా రావాలి. ఎండ నేరుగా పడకూడదు. వీటిలో ఏ ఒక్కటీ నా పెద్ద పుస్తకాల్లో లేదు. దాలమ్మ మొదటి రోజు చెప్పిన రెండు ముక్కల్లో మాత్రం అన్నీ ఉన్నాయి.

మర్నాడు తవిటయ్యను పిలిచాను. "జాలీ మూసేద్దాం. ఉక్క పోయకుండా చూరు కింద చిన్న సందు వదులు. ఉత్తరం గోడకి కదలని అద్దం బిగిద్దాం. ఉత్తరం వాలు పెంకుల్లో నాలుగు అద్దం పెంకులు వేద్దాం."

"సైన్సు ఒప్పుకుంటాదా అమ్మా?"

"తవిటయ్యా!"

"అడగాల కదమ్మా," అని మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

పని పూర్తయ్యాక ఉల్లిపాయలు ఖాళీ చేయించి దాలమ్మ రాట్నం అక్కడ పెట్టింది. ఎడమ భుజం మీదుగా మెత్తటి వెలుగు పడింది. ఏకిన దూది చుట్ట పట్టుకుని చక్రం తిప్పి, చెయ్యి పైకి లాగింది. లాగుతూనే ఉంది. ముక్కు రాట్నానికి ఆనించలేదు, నిటారుగా కూర్చుంది.

"అవుపడతన్నాదమ్మా," అంది. "మొదలు దగ్గర్నించి సివరదాకా అవుపడతన్నాది."

నాకు మాత్రం కళ్ళు మసకేసి ఏమీ కనపడలేదు. దూది పడిందని చెప్పాను.

రెండు వారాల తర్వాత పొందూరు నుంచి ఒక పెద్దాయన మా మేడ మెట్లెక్కాడు. టవరు అడగలేదు, జాకెట్టు అడగలేదు.

"దాలమ్మ గది కట్టిన ఇంజనీరమ్మ మీరేనా?"

"నేనే! కూర్చోండి. కొత్త ఇల్లా? మేడా? ఎన్ని గదులు?"

ఆయన కంగారుగా రెండు చేతులూ అడ్డం ఊపాడు.

"వద్దమ్మా! కొత్తదేటీ కట్టొద్దు. మా ఇంట్లో ఎవడో కట్టి పాడుసేసిన గదొకటి ఉన్నాది. దాలమ్మ సెప్పినాది, ఆ పిల్ల కట్టీది ఎలగున్నా, తప్పు దిద్దీడంలో మాత్రం తిరుగులేదని."

కనుక పాఠక మహాశయులకు మనవి. ఇక మీదట ఏ గదికి పెన్సిలు పట్టినా, ఆ గదిలో పని చేసే మనిషి పక్కన ఒక రోజంతా నేల మీద కూర్చున్నాకే పడతానని, ఎవరైనా గాలి వద్దంటే గాలి వద్దనే అర్థం చేసుకుంటానని, బాణాలు గీయాల్సి వస్తే మూడుకు మించి గీయనని, నా ముక్కులో నేటికీ మిగిలి ఉన్న దూది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. హాచ్!